జత కాగితం

ఆయన పోయిన పన్నెండో రోజున ఆయన కూతురు మా ఇంటికి వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టింది. "నాయన మీకియ్యమన్యాడు చిన్నాయనా. బతికుండంగా ఇయ్యొద్దన్యాడు, పోయినాకనే ఇయ్యాలంట" అంది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. కవరు మీద నా పేరు ఉంది. ఆ గుండ్రటి అక్షరాలను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. విప్పితే లోపల రెండు కాగితాలు, రెండింటి మీదా తేదీ ఉండాల్సిన చోటు ఖాళీ. చదవకముందే నవ్వొచ్చింది. చదివినాక కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను.

ఆ కాగితాల్లో ఏముందో తర్వాత చెప్తాను. ముందు ఆయన సంగతి చెప్పాలి.

నేను జమ్మలమడుగులో రెవెన్యూ గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆయన ఒక ప్లీడరుగారి దగ్గర రాతపని చేసేవాడు. పొట్టి మనిషి. రాసీ రాసీ కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ప్లీడరుగారు వాడి వదిలేసిన నల్లకోటు ఒకటి వేసుకునేవాడు, దాని చేతులు ఆయన గోళ్ళదాకా వచ్చేవి. వాటిని పైకి మడిచి, భుజం మీది తుండుగుడ్డతో బల్ల తుడిచి, కలం మూత పళ్ళతో పట్టుకుని రాయడం మొదలుపెడితే మధ్యలో పిలిచినా పలికేవాడు కాదు. అంతా అయ్యాక మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించేవాడు. చదువు రాని రైతుకైనా సరే, చదువుకున్న కరణానికైనా సరే, వినిపించకుండా సంతకం పెట్టనిచ్చేవాడు కాదు. సంతకం అయ్యాక అద్దుడు కాగితంతో ఒత్తి, "ఇంగ ఇది కాగితమాయె" అనేవాడు. అంతవరకు అది కాగితం కాదన్నట్టు.

ఆయనకు రెండు పట్టుదలలు ఉండేవి. ఒకటి, తప్పు రాయకపోవడం. ఎదుటివాడి నామినేషన్ చెల్లకుండా పోవాలని, ఓటర్ల జాబితాలోని నంబరు ఒకటి తారుమారు చేసి రాయమని ప్లీడరుగారే ఒకసారి అడిగారట. "నేను తప్పు రాయను దొరా. రాసిందాంతో మీరేం చేసుకుంటారో అది మీ ఇష్టం" అన్నాడట. ఈ మాట ఆయనే నాతో చాలాసార్లు చెప్పాడు, కొంచెం గొప్పగానే. ఆ రెండో వాక్యంలో ఏముందో ఆయనకూ తట్టలేదు, వింటున్న నాకూ తట్టలేదు.

రెండో పట్టుదల జత. ఏ కాగితం రాసినా దానికి జత కాగితం రాయాల్సిందే. ఇది ప్లీడరుగారి ఇంట్లో పట్టుబడిన అలవాటు. వాళ్ళ పొలాలు గుత్తకిచ్చేటప్పుడు రైతు దగ్గర రెండు కాగితాలు రాయించుకునేవాళ్ళు. పొలం గుత్తకు తీసుకున్నానని ఒకటి, నా ఇష్టపూర్వకంగా వదిలేశానని ఇంకొకటి. రెండోదానికి తేదీ ఉండేది కాదు. రైతు ఎదురు తిరిగిన రోజున ఆ రోజు తేదీ పడేది. ఏళ్ళ తరబడి అవే రాసి, ఈయన చేతికి జత లేనిదే తోచని స్థితి వచ్చింది. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి ఖాళీ చేసే కాగితం కూడా రాసేవాడు. పిల్లోణ్ణి బడిలో చేర్చమని అర్జీ రాయమంటే బడి మానిపించే అర్జీ కూడా రాసి తండ్రి చేతిలో పెట్టేవాడు. తిట్లు తినేవాడు కూడా.

మా అమ్మకు జబ్బు చేసి మిషన్ ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆయనే నాకు సెలవు చీటీ రాసిచ్చాడు. దానితో పాటు, తిరిగి పనిలో చేరుతున్నానని ఇంకో చీటీ. దాని మీద తేదీ లేదు. "ఇదెందుకన్నా ఇప్పుడే?" అన్నాను. "పోయే తేదీ మన చేతిలో ఉంటాది. వచ్చే తేదీ ఉండదప్పా" అన్నాడు. అమ్మ దక్కలేదు. ఇరవై రోజుల తర్వాత ఆఫీసుకు వచ్చి ఆ చీటీ మీద తేదీ వేసి ఇచ్చాను. ఆ పూట నాకు ఒక్క అక్షరం రాసే ఓపిక కూడా లేదు. ఆయన జతను ఎవరు వెక్కిరించినా నేను వెక్కిరించకపోవడానికి కారణం అదే.

కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఎన్నికలు వచ్చాయి. మా ఆఫీసులోనే నామినేషన్లు. కాగితాలు తీసుకుని, వరుస నంబరు, వచ్చిన టైము రాసే పని నాది. ప్లీడరుగారు తాలూకాలో పార్టీకి పెద్ద. సీటు ఎవరికో కర్నూలులో తేలలేదు. అడిగేవాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఒకరికిస్తే ఐదుగురు అలిగి స్వతంత్రంగా నిలబడతారని వాళ్ళ భయం. అప్పుడు ప్లీడరుగారికి తమ పొలాల గుత్త కాగితాలు గుర్తుకొచ్చాయి.

నామినేషన్ వేశాక వద్దనుకుంటే వెనక్కి తీసుకోవడానికి చట్టం గడువిస్తుంది. చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల లోపల. అభ్యర్థి తానే రానక్కర్లేదు. ఆయన పేరు ప్రతిపాదించిన మనిషి తెచ్చినా చాలు, అభ్యర్థి రాసిచ్చిన అధికారపత్రం ఉంటే. జ్వరమొచ్చి పడుకున్నవాడి కోసం పెట్టిన సదుపాయం అది. మా దగ్గర మాత్రం అభ్యర్థులు అందరూ ఒకే రోజు జ్వరపడేవాళ్ళు.

ఆరుగురి చేతా నామినేషనూ, దానికి జతగా ఉపసంహరణ కాగితమూ ఒకే విడతలో సంతకాలు పెట్టించారు. ప్రతి నామినేషనునూ ప్రతిపాదించినది ప్లీడరుగారి మనిషే. జత కాగితాలన్నీ ప్లీడరుగారి రేకుపెట్టెలోకి వెళ్ళాయి. సీటు ఎవరికో చెప్తూ కర్నూలు నుంచి ఉత్తరం వచ్చాక ఒక్కటి లోపలే ఉంటుంది, మిగిలిన ఐదూ నా బల్ల మీదికి వస్తాయి. మా ఆఫీసు వసారాలో బల్ల వేసుకుని అవన్నీ రాసింది ఈయనే. ఒక్క కొట్టివేత లేదు. "తగాదా లేకుండా చేస్తాండా అప్పా, శానా సులువు" అన్నాడు నాతో.

ఆ ఆరుగురిలో ఏటి అవతలి పల్లె నుంచి వచ్చిన మగ్గాలాయన ఒకడు. నేతపనివాళ్ళ సంఘానికి పెద్ద. గోళ్ళ సందుల్లో నీలిరంగు ఎప్పుడూ పోయేది కాదు. మిగిలిన ఐదుగురూ పైరవీతో వచ్చినవాళ్ళు, మగ్గాలాయన ఒక్కడే ఊళ్ళు తిరిగినవాడు. పెన్న ఇసుకలో నడిచి వచ్చి, బల్ల ముందు నిలబడి, పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని రాశాడు. నామినేషను రాసిన మావాడు దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. ఆ కాగితం కింద ఉన్న రెండోదాన్ని ముందుకు జరిపాడు.

"ఇదేంది?" అన్నాడు మగ్గాలాయన.

"జత కాగితమప్పా. అందరూ పెడతాండారు."

మగ్గాలాయన సంతకం పెట్టాడు. మావాడు దాన్ని చదివి వినిపించలేదు. ఆ రోజు ఆరుగురిలో ఏ ఒక్కరికీ రెండోది చదివి వినిపించలేదు. నేను గమనించాను. అడగలేదు.

ఉపసంహరణ చివరి రోజు రెండింటికి ఐదు కాగితాలు నా బల్ల మీద పడ్డాయి. నేను టైము వేశాను. మూడు దాటాక బోర్డు మీద జాబితా అంటించాను. కాసేపటికి మగ్గాలాయన పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు, గుర్తు ఏమిచ్చారో తెలుసుకుని పోదామని. ఒకరి చేతిలో తడిగుడ్డలో చుట్టిన పూలదండ ఉంది. ఆయన బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"నా పేరు యాడ పోయె?" అన్నాడు నాతో.

"మీరు వెనక్కి తీసుకున్నారు."

"నేనా? నేనెప్పుడు తీసుకుంటి?"

కాగితం తెచ్చి చూపించాను. ఆయన వేలు సంతకం కింద పెట్టి, రాసినప్పటిలాగే ఒక్కొక్క అక్షరమే చూసుకున్నాడు. "సంతకం నాదే" అన్నాడు. వసారాలో బల్ల సర్దుకుంటున్న మావాడి దగ్గరికి వెళ్ళాడు. కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "అన్నీ సదివి ఇనిపిస్తావే, ఇదొక్కటీ ఎందుకు సదవల్యా?" అని అడిగాడు. మావాడు సిరాబుడ్డి మూత బిగిస్తూనే ఉన్నాడు, బిగిసినాక కూడా. పూలదండ తెచ్చినవాడు దాన్ని ఏం చెయ్యాలో తెలియక మా కిటికీ ఊచకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మావాడు మారిపోయాడని చెప్పను. అదే కోటు, అదే బల్ల, అదే ప్లీడరుగారు. ఒక్కటే తేడా, జత కాగితాన్ని కూడా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. గుత్తకు వచ్చిన రైతులు అది విని వెనక్కి తగ్గుతున్నారని ప్లీడరుగారు కోప్పడేవారు. అయినా చదివేవాడు. ఒక ఆదివారం నన్ను తోడు రమ్మని ఏటి అవతలి పల్లెకు వెళ్ళాడు. మగ్గాలాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. మమ్మల్ని చూసి మగ్గం ఆపలేదు. మావాడు గడప దగ్గరే నిలబడి, "తప్పాయెనప్పా" అన్నాడు. మగ్గాలాయన నూలు కండె పెట్టిన నాడెను ఇటునుంచి అటు విసిరి, "ఇంతమంది పేర్లు రాసినావే. ఎప్పుడన్నా నీ పేరు రాసుకున్యావా ఆ కాగితం మీద? రాసుకుంటే తెలుస్తాది" అన్నాడు. 

రాజధాని హైదరాబాదుకు మారింది. ఏళ్ళు గడిచి మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. మళ్ళీ అదే వసారా, అదే రేకుపెట్టె. ఈసారి ఉత్తరం రావాల్సింది హైదరాబాదు నుంచి, అంతే భేదం. నామినేషన్లకు ముందు మావాడు రెండు రోజులు కనిపించలేదు. మూడోరోజు పులివెందుల బస్సు దిగి, సంకలో గుడ్డమూటతో నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. ఆయనది లింగాల దగ్గర పల్లె, ఓటు అక్కడే ఉంది. వేరే చోట ఓటున్నవాడు మా దగ్గర నిలబడాలంటే ఓటర్ల జాబితా నకలు తేవాలి. ఆ నకలు మూటలో ఉంది. పులివెందుల తాలూకాఫీసులో రెండు రోజులు కూర్చుని ముద్ర వేయించుకొచ్చాడు.

"ఎవరి కోసమన్నా ఇది?" అన్నాను.

"నాకే."

నామినేషన్ల చివరి రోజు ప్లీడరుగారి మనుషులు నలుగురికి జతలు రాసిచ్చాడు. వాళ్ళు వెళ్ళాక తుండుగుడ్డతో బల్ల మళ్ళీ తుడిచాడు. కొత్త పాళీ వేశాడు. తన పేరు రాసుకోవడం మొదలుపెట్టాడు. ప్రతిపాదించడానికి వచ్చింది ఎవరో కాదు, మగ్గాలాయనే. జుట్టు నెరిసింది, గోళ్ళలో నీలిరంగు మాత్రం అలాగే ఉంది. ఇద్దరి మధ్య ఎప్పుడు మాటలు కలిశాయో నాకు తెలియదు.

"ప్లీడరుగారికి తెలుసా?" అని గొంతు తగ్గించి అడిగాను.

"ఈపొద్దు తెలుస్తాదిలే."

"ఎట్లా గెలుస్తావన్నా?"

"గెలిచేదానికి కాదప్పా. మూడు గంటలైనాక ఆ బోర్డు మీద ఒక్క పేరన్నా, ఎవురి చేతి కిందా లేని పేరు ఉండాల. అంతే."

ఆయన నోట అంత పెద్ద మాట నేను అంతకుముందు వినలేదు.  ఆ మాట అన్న మనిషే, వెంటనే, కింది అరలోంచి ఇంకో కాగితం తీసి ఉపసంహరణ రాయడం మొదలుపెట్టాడు. నామినేషనుకు జత.

"అదెందుకన్నా? నీకు పార్టీ లేదు కదా!"

"జత లేకుంటే ఎట్లప్పా? సగం కాగితమైతాది."

"రాస్తే రాశావు. చించెయ్యి, లేదా నీ దగ్గరే పెట్టుకో."

"మన కాగితం మన దగ్గరే ఉంటే అదేం కాగితం? ఎవురో ఒగరి తావ ఉండాల." మగ్గాలాయన వైపు తిరిగాడు. "అప్పుడు నీది మా తావ ఉండె. ఇప్పుడు నాది నీ తావ ఉండనీ."

నామినేషను చదివాడు, తర్వాత ఉపసంహరణ చదివాడు, దాన్ని తన తరఫున అందజేసే అధికారం మగ్గాలాయనకు ఇస్తున్నానన్న వాక్యం రెండుసార్లు చదివాడు. మగ్గాలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకొద్దప్పా, నాకెందుకిది" అన్నాడు. ఈయన వినలేదు. మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టి, పైనుంచి తట్టాడు. అపరాధానికి జరిమానా చెల్లించుకున్నవాడి ముఖంలా వెలిగింది మావాడి ముఖం. నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు దీని గురించి ఆలోచించాను. ఎవరి చేతి కిందా లేని పేరు కావాలని అంత తపించినవాడు, ఎవరూ పట్టుకోని నామినేషను ఎలా ఉంటుందో ఊహించలేకపోయాడు. అలాంటిది ఆయన ఎప్పుడూ రాయలేదు మరి.

ఉపసంహరణ రోజు రెండున్నరకు ప్లీడరుగారి జీపు వచ్చింది. ముందు ప్లీడరుగారు, వెనక మగ్గాలాయన. ఎన్నికల అధికారి కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన యువకుడు, నియమం తప్పని మనిషి. మగ్గాలాయన కాగితం బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తలెత్తలేదు.

అధికారి చదివి, "ఈయన్ని ప్రతిపాదించింది మీరేనాండీ?" అన్నాడు.

"ఔను."

"ఆయన ఎందుకు రాలేదు?"

 "ఊర్లో లేడండి" అన్నారు ప్లీడరుగారు.

ఆయన ఊర్లోనే ఉన్నాడు. ఎదురుగా పోస్టాఫీసు అరుగు మీద ఎవరో ముసలావిడకు ఉత్తరం రాసిపెడుతున్నాడు. నా కుర్చీలోంచి కిటికీలో ఆయన దిగిన భుజం కనిపిస్తూనే ఉంది.

ఇలాంటి కాగితం నిజమైనదేనని అధికారికి నమ్మకం కుదరాలి. కుదరకపోతే తీసుకోనక్కర్లేదు. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి నా వైపు చూశాడు. "గుమాస్తాగారూ, ఈయన చేవ్రాత మీకు అలవాటే కదా. ఈ సంతకం ఆయనదేనా?"

తెలియదు సార్, అంటే సరిపోయేది. కబురు పెట్టి పిలిపించేవాడు. రోడ్డు దాటి రావడానికి ఎంతసేపు? నేను పంపలేదు అని ఆయన ఒక్క మాట అంటే కాగితం తిరిగిపోయేది. ఇదంతా నాకు ఆ క్షణంలోనే తెలుసు. తర్వాత తట్టిన తెలివి కాదు. ప్లీడరుగారు నన్నేమీ బెదిరించలేదు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డారంతే. నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది.

"ఆయనదే సార్" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళుగా దాన్ని మింగలేకపోతున్నాను. అబద్ధమైతే ఎప్పుడో ఎవరి కాళ్ళన్నా పట్టుకుని క్షమించమని అడిగి ఉండేవాణ్ణి.

టైము నేనే వేశాను, రెండూ నలభై. మగ్గాలాయన బయటికి పరిగెత్తినట్టు వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తున్నాను. పోస్టాఫీసు అరుగు ముందు నిలబడి ఏదో చెప్పాడు, తలమీద కొట్టుకున్నాడు. ఈయన ముసలావిడ ఉత్తరం పూర్తిచేసి, చదివి వినిపించి, ఆమె చేతికిచ్చి, అప్పుడు లేచి వచ్చాడు.

ఊర్లో లేడన్న మనిషి గుమ్మంలో కనిపించేసరికి అధికారికి విషయం అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "మీరు దీన్ని పంపలేదా? అయితే ఇప్పుడు రద్దు చేసుకుంటానని రాసివ్వండి, చూద్దాం. వీలుంటుందేమో..." అంటూ నియమాల పుస్తకం పేజీలు తిప్పసాగాడు. ఇంకా పదినిమిషాల టైము ఉంది. ఆ పదినిమిషాలు పేచీ పెట్టుకోవచ్చు, అరవచ్చు, ఏదో ఒకటి రాసివ్వచ్చు. ఆయన కోటు చేతులు కిందికి దించుకుని నిలబడ్డాడు.

"ఎతకొద్దండి సార్. ఒకపారి ఇచ్చినాక రద్దు చేసుకునే హక్కు ల్యా. కాగితం సరిగ్గానే ఉండాది. నేనే రాసినా."

ప్లీడరుగారు కూడా ఆ మాటకు తల దించుకున్నారు. ఒక్క క్షణమే.

మూడు గంటలకు జాబితా రాసింది నేను. అంటిస్తుంటే ఆయన నా పక్కన నిలబడి, పైనుంచి కిందికి చూశాడు. అన్నీ ఎవరో ఒకరి చేతి కింది పేర్లే. మెట్ల మీద మగ్గాలాయన కూలబడి ఏడుస్తున్నాడు. "నూలు ఆపుతామన్యారన్నా. సంఘానికి నూలు రాకుంటే ఊర్లో మగ్గాలన్నీ ఆగిపోతాయన్యారు. పిల్లోళ్ళు ఉండారన్నా." ఈయన ఆయన పక్కన కూర్చున్నాడు. "నువ్వేం తప్పు చేసినావు? నేను రాసిస్తిని, నువ్వు ఇచ్చినావు. ఆ దావ ఏసిందే నేను గదప్పా" అన్నాడు.

ప్లీడరుగారి దగ్గర పని ఆ రోజుతో పోయింది. ప్రొద్దుటూరుకు వచ్చేసి పోస్టాఫీసు ముందు బల్ల వేసుకున్నాడు. వెళ్ళే ముందు ఒకసారి ఆఫీసుకు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. "నా సంతకం బాగా గుర్తుపట్టినావంట గదప్పా" అన్నాడు.

"అన్నా, అది నీదే కదన్నా..." అన్నాను.

"నాదే. కాదని ఎవురన్యారు? తప్పు చెప్పినావని ఎవురన్యారు?" అని నా భుజం తట్టాడు. నేను తప్పు చెప్పలేదు, ఆయన తప్పు రాయలేదు. ఆ పూట ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదనిపిస్తుంది.

సర్వీసు అయ్యాక నేనూ ప్రొద్దుటూరు చేరాను, ఆయన ఉండే వీధిలోనే. నాలుగిళ్ళ అవతల. సాయంత్రాలు అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఎన్నికల మాట ఎప్పుడూ ఎత్తలేదు. బజారులో గుడ్డల కొట్లవాళ్ళకు అర్జీలు రాసిచ్చేవాడు, అప్పటికీ జతలతోనే. "ఈ ముసలోడికి పిచ్చి" అని రెండో కాగితం అక్కడే పారేసి పోయేవాళ్ళు. ఆయన ఏరుకుని చక్కగా మడిచి పెట్టుకునేవాడు. పోయిన చలికాలంలో దగ్గు పట్టుకుంది, వదల్లేదు.

ఇక ఆ కవరు. మొదటి కాగితం ఎన్నికల అధికారికి అర్జీ. "నేను ఈ ఊరు వదిలి శాశ్వతంగా వెళ్ళిపోయినందున, ఓటర్ల జాబితా నుండి నా పేరు తీసివేయవలసిందిగా కోరుచున్నాను." కింద సంతకం. రెండోది అధికారపత్రం, ఈ అర్జీని నా తరఫున అందజేయుటకు ఫలానా వారికి అధికారం ఇచ్చుచున్నానని. ఫలానా వారు నేనే. ప్రొద్దుటూరులో ఓటరుగా పేరు రాయించుకున్న రోజునే దానికి జతగా ఇది రాసిపెట్టుకుని ఉంటాడు. ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా. నా దగ్గర పెట్టాడు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. తేదీ వేసి తాలూకాఫీసుకు తీసుకెళ్ళాను. చిన్నవయసు గుమాస్తా ఒకడు చదివి, కాగితం నా వైపు తిప్పాడు. "పెద్దాయనా, ఈ సంతకం ఆయనదేనా?"

అదే ప్రశ్న, అవే మాటలు. నేను బల్లకు అవతల ఉన్నాను, అంతే.  బల్ల అంచు పట్టుకున్నాను.

"చెప్పలేనప్పా" అన్నాను. "చూపు ఆనడం లేదు."

అతను పెన్సిలుతో "సంతకం రూఢి కాలేదు" అని రాసి పక్కన పడేశాడు. బయటికొచ్చాక ఎండలో నిలబడి పిచ్చివాడిలా నవ్వుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఆలస్యంగానైనా ఆ మాట అన్నాను. ఒక జాబితాలో ఆయన పేరు నిలిచింది, తీసేసే కాగితం నా చేతి మీదుగా వచ్చి కూడా నిలిచింది. ఎవరి చేతి కిందా లేకుండా.

పోలింగు రోజు పదకొండు గంటలకు బడికి వెళ్ళాను. బల్ల దగ్గర జాబితా తెరిచి ఉంది. ఇంటి నంబర్ల వరుసలో నా పేరుకు నాలుగిళ్ళ పైన ఆయన పేరు. వేలితో వెతకనక్కర్లేదు, ఆ పేరును దూరం నుంచే పోల్చుకోగలను. దాని కింద గీత గీసి ఉంది. ఓటు వేసినవాళ్ళ పేర్ల కింద గీసే గీత.

"ఈయన వచ్చినాడా?" అన్నాను.

"పొద్దున్నే వచ్చి ఏసిపోయె" అన్నాడు జాబితా మనిషి, తలెత్తకుండా.

పక్క బెంచీ మీద పార్టీ ఏజెంటు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అదే జాబితా, చనిపోయినవాళ్ళ, ఊర్లో లేనివాళ్ళ పేర్ల పక్కన చిన్న చిన్న గుర్తులు. నన్ను చూసి నవ్వాడు. "ఏం పెద్దాయనా, నీకు తెల్సినోడేనా?"

నా వెనక వరుసలో జనం నిలబడి ఉన్నారు. నేను ఏదో అనబోయాను. జాబితా మనిషి నా పేరు గట్టిగా చదివి, వేలు చాపమన్నాడు. చాపాను. సిరా చల్లగా తగిలింది. ఈసారి సంతకం గుర్తుపట్టమని నన్నెవరూ అడగలేదు.